గుర్రాల జాతరలో కెమెరా: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో గుర్రాలే ఎక్కువ. కారణం అందరికీ తెలిసిందే. మార్గశిరం వచ్చిందంటే నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాలెగావ్‌లో ఖండోబా జాతర, దాంతోపాటే గుర్రాల సంత, జిల్లా పరిషత్ వాళ్ల పశు ప్రదర్శన. (నాసిక్ జిల్లాలో ఇంకో మాలెగావ్ ఉంది, కొత్తవాళ్లు బస్సు ఎక్కేముందు చూసుకోండి.) దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు నుంచి మనవాళ్లు రాసిన ప్రశ్నల్లో ఒకేలాంటివి కలిపేసి జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: దెగ్లూర్‌లో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. సీజన్ లేని నెలల్లో చేతిలో పని ఉండదు. మాలెగావ్‌లో గుర్రాల ప్రదర్శన దగ్గర ఫోటోలు తీసి అమ్మితే బతుకు నడుస్తుందా? ఏ లెన్స్ కొనాలి? – ఒక యువకుడు, దెగ్లూర్

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి చెప్తాను, లెన్స్ సంగతి తర్వాత. జాతర ఫోటోల మీదే ఏడాదంతా ఇల్లు గడవదు. పైగా ఒక చిక్కుంది, దాన్ని చాలామంది ముందు చూసుకోరు. రాజస్థాన్‌లో పుష్కర్ మేళా కార్తీక పౌర్ణమికి, నందుర్బార్ జిల్లాలో తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా గుర్రాల సంత దత్త జయంతికి, మన మాలెగావ్ కూడా మార్గశిరంలోనే. అంటే గుర్రాల పని పడేది సరిగ్గా నీ పెళ్లిళ్ల ముహూర్తాలు ఉండే రోజుల్లోనే. ఖాళీ నెలలు నింపుకుందామని మొదలుపెడితే ఖాళీ నెలలు ఖాళీగానే ఉంటాయి, చేతిలో ఉన్న ముహూర్తాలు పోతాయి.

మరి పని ఎక్కడుంది? గుర్రం ఉన్న ఇంటి దగ్గర ఉంది. అమ్మకానికి పెట్టిన గుర్రానికి ఫోటో కావాలి, వీడియో కావాలి. మగ గుర్రాన్ని దాటింపుకు ఇచ్చేవాళ్లకు దాని మంచి ఫోటో ఏడాది పొడవునా కావాలి. కొత్త పిల్ల పుడితే కావాలి. పోటీలో బహుమతి వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కట్టాలి, ఫ్లెక్సీకి పెద్ద సైజు ఫోటో కావాలి, మొబైల్‌తో తీసింది అంత పెద్దగా సాగదీస్తే చెదిరిపోతుంది. జాతర నీకు పరిచయాలు చేసుకునే చోటు. అక్కడ తీసిన ఫోటో చూసి నీ నంబర్ దాచుకున్న యజమాని వేసవిలో ఫోన్ చేస్తాడు, నీ సంపాదన అప్పుడు మొదలవుతుంది. అందుకే మొదటి ఏడాది ఎంత అమ్మానని కాకుండా ఎంతమంది యజమానుల నంబర్లు, వాళ్ల గుర్రాల పేర్లు రాసుకున్నానని చూసుకో.

ఇక లెన్స్. 70-200 ఎంఎం జూమ్, ఎఫ్ 2.8 ఉంటే అన్నీ అయిపోతాయి. కొత్తది కొనడానికి అప్పు చేయకు. నాందేడ్‌లోనో నిజామాబాద్‌లోనో అద్దెకు దొరుకుతుందేమో అడుగు, సెకండ్ హ్యాండ్‌ది కూడా పనికొస్తుంది. పెళ్లిళ్లకు వాడే 85 ఎంఎం లెన్స్ నీ దగ్గర ఉంటే నిలబడిన గుర్రానికి అది చాలు. మండపంలో వాడే వైడ్ లెన్స్ మాత్రం సంచిలోనే ఉంచు. దగ్గరగా నిలబడి వైడ్‌లో తీస్తే గుర్రం ముక్కు గుమ్మడికాయంత, వెనక భాగం మేకపిల్లంత వస్తుంది. యజమానికి అది ఫోటో కాదు, అవమానం. మొబైల్‌లో తీసిన గుర్రాల ఫోటోలు చాలావరకు ఇందుకే చెడిపోతాయి. దూరం జరుగు, జూమ్ చెయ్యి, నీ కెమెరాను గుర్రం పొట్ట మధ్యభాగం ఎత్తుకు దించు. నిలబడి పైనుంచి తీస్తే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి.

రంగు దగ్గర కూడా జాగ్రత్త. మాలెగావ్‌లో నుక్రా గుర్రాలు చాలా వస్తాయి, పాలలా తెల్లగా, చర్మం గులాబీ రంగులో ఉంటాయి. తెల్ల గుర్రం ఫ్రేమ్ నిండా ఉంటే ఆటో మోడ్ దాన్ని బూడిద రంగుకు దింపేస్తుంది. అదే గుర్రం చిన్నగా ఉండి వెనక చెట్ల నీడ ఉంటే తెలుపంతా కాలిపోయి వెంట్రుక కూడా కనిపించదు. నల్లటి ముష్కీ గుర్రానికి దీనికి తిరగబడి జరుగుతుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టుకొని, తెల్ల భాగం కాలిపోతే మెరిసే హెచ్చరిక ఆన్ చేసుకొని, వెలుగు మారినప్పుడల్లా ఒకసారి సరిచూసుకో.

అన్నిటికంటే ముఖ్యంగా, భండారా, అంటే ఖండోబా పసుపు. ‘యేళకోట్ యేళకోట్ జయ్ మల్హార్’ అంటూ గుడి దగ్గర పసుపు గుప్పిళ్లతో ఎగరేస్తారు. భక్తితో చేసేది, ఆపమనడానికి మనమెవరం. కానీ ఆ పొడి లెన్స్ బిగించే చోట దూరిందంటే సెన్సర్ దాకా పోతుంది. గుడి ముందు లెన్స్ మార్చకు. కెమెరాకు ప్లాస్టిక్ కవర్ తొడిగి, లెన్స్ వరకే కంత పెట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యి. పసుపు పడితే తడి గుడ్డతో తుడవకు, అంటుకుపోయి మరక పడుతుంది, గాలి కొట్టే బల్బుతో ఊదేసి తర్వాత మెత్తటి బ్రష్ వాడు.

ప్రశ్న: పోయిన ఏడాది దౌడు తీసే గుర్రాల ఫోటోలు బోలెడు తీశాను, అన్నీ షార్ప్‌గా వచ్చాయి. యజమానులు చూసి పెదవి విరిచారు, ఒక్కటీ కొనలేదు. కొన్ని మీకు పంపుతున్నాను, లోపం ఎక్కడో చెప్పండి. – బిలోలి నుంచి ఒక పాఠకుడు

మీరు పంపినవి చూశాను. షార్ప్‌నెస్‌కు వంక పెట్టలేం, షట్టర్ వేగం 1/1000 సెకను పైన పెట్టారు, దౌడుకు 1/1600 పెట్టినా తప్పు లేదు. మీరు నొక్కిన క్షణమే తప్పు. ఒక ఫోటోలో గుర్రం ముందుకాళ్లు రెండూ నేలకు కొట్టుకొని తల కిందికి పడి కుంటుతున్నట్టుంది, ఇంకోదాంట్లో నాలుగు కాళ్లూ పొట్ట కింద ముడుచుకొని ఎవరో కట్టేసినట్టుంది. ఆ గుర్రం నిజంగా కుంటలేదు, ఎవరూ కట్టేయలేదు. కానీ గుర్రాన్ని రోజూ చూసే కంటికి అలాంటి క్షణం నచ్చదు.

1878లో కాలిఫోర్నియాలో లేలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే గుర్రాల యజమాని డబ్బు పెడితే, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ దారి పక్కన వరుసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. దౌడులో నాలుగు గిట్టలూ ఒక క్షణం నేల వదిలేస్తాయని అప్పుడే కళ్లారా రుజువైంది. అంతకుముందు చిత్రకారులు ముందుకాళ్లు ముందుకీ వెనకకాళ్లు వెనక్కీ చాపి గాల్లో ఎగురుతున్నట్టు గీసేవాళ్లు, కానీ ఫోటోల్లో తేలిందేమిటంటే గాల్లో ఉన్న ఆ క్షణంలో కాళ్లు పొట్ట కిందికి ముడుచుకొని ఉంటాయి. మన యజమానుల మనసులో ఇప్పటికీ ఆ పాత బొమ్మే ఉంది. కాబట్టి దౌడులో వాళ్లకు నచ్చేది, ముందుండే కాలు పూర్తిగా చాచి, మెడ పైకి లేచి, ఇంకా ఆ కాలు నేల తాకని క్షణం.

దాన్ని పట్టుకోవాలంటే కంటి కంటే చెవి ఎక్కువ సాయం చేస్తుంది. మామూలు నడకలో గిట్టల చప్పుడు నాలుగు విడివిడిగా వినిపిస్తుంది. దుల్కీలో, అంటే ట్రాట్‌లో, ఐమూలగా రెండేసి కాళ్లు కలిసి పడతాయి కాబట్టి రెండు చప్పుళ్లు. కాంటర్‌లో, అంటే ట్రాట్‌కూ దౌడుకూ మధ్య పరుగులో, మూడు, తర్వాత చిన్న విరామం. సర్పట్‌లో, అంటే పూర్తి దౌడులో, మళ్లీ నాలుగు, కానీ వేగంగా. కెమెరా పక్కన పెట్టి ఒక పూటంతా ఈ చప్పుళ్లు వినండి, నోటితో లెక్క పెట్టండి. అప్పుడు వేలు లయకు నొక్కడం మొదలుపెడుతుంది. వ్యూఫైండర్‌లో మంచి క్షణం కనిపించాక నొక్కితే అది అప్పటికే వెళ్లిపోయింది. బర్స్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరుసగా ఫ్రేములు తీసేది) ఉంది కదా అంటారేమో, దౌడు తీసే గుర్రం సెకనుకు రెండుసార్లకు పైగా నాలుగు కాళ్ల చుట్టు పూర్తి చేస్తుంది, సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరా అయినా ఒక్కో చుట్టుకు నాలుగైదు ఫ్రేములే దక్కుతాయి. వాటి మధ్యలో మంచిది జారిపోవడం మామూలే. లయ పట్టుకొని మొదటి ఫ్రేము సరిగ్గా నొక్కినవాడికే బర్స్ట్ పనికొస్తుంది.

మార్వాడీ గుర్రాలకు ఇంకో చాల్, అంటే నడక తీరు, ఉంది, రేవాల్. పైన కూర్చున్నవాడు కుదుపు లేకుండా సాగిపోతాడు. దాంట్లో ఎగురుడు ఉండదు కాబట్టి ముందుకాలు మోకాలి దగ్గర మడిచి బాగా ఎత్తిన క్షణం పట్టాలి, రౌతు నిటారుగా ఉండాలి. చెవుల సంగతి మాత్రం మార్వాడీ, కాఠియావాడీ రెండింటికీ ఒకటే. చెవులు లోపలికి వంగి కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి, ఆ జాతుల అందమంతా అక్కడే ఉంది. చెవులు వెనక్కి వాలిన ఫోటో ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

ఒక మాట నా తరఫున. డప్పు చప్పుడుకు గుర్రాన్ని ఆడించేటప్పుడు, వెనకకాళ్ల మీద లేపేటప్పుడు నోరంతా తెరుచుకొని, కంటి తెల్లగుడ్డు బయటికి వచ్చి, పెదవి చివర రక్తం కనిపిస్తుంటే ఆ ఫోటోను ‘జోష్’ అని పెట్టి అమ్మకండి. అది నొప్పి. ముళ్ల కళ్లెం వాడటాన్ని బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలే నిషేధించాయి. మనం అలాంటి ఫోటోలకు డబ్బు తీసుకుంటున్నంత కాలం అలాంటి కళ్లేలకు గిరాకీ ఉంటుంది. కళ్లెం వదులుగా ఉండి మెడ తనంతట తను వంచిన గుర్రాన్ని తీయండి, దాన్ని చూసి మురిసిపోయే యజమానులే ఎక్కువ.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోటోగ్రఫీ అంటే ప్రాణం. మాలెగావ్ వెళ్దామంటే నాన్న సరే అన్నారు కానీ గుర్రం తంతే ఏం చేస్తావని అమ్మకు ఒకటే టెన్షన్. ఎలా నచ్చజెప్పాలి? – ఒక అమ్మాయి, ధర్మాబాద్

చెల్లెమ్మా, అమ్మ భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయకు. నువ్వు జాగ్రత్తగా ఉండటం నేర్చుకొని అమ్మకు చూపించు, అంతకంటే మంచి నచ్చజెప్పడం లేదు.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనిపించని చోట్లు రెండు, సరిగ్గా తోక వెనక, నుదురు ముందు మరీ దగ్గరగా. కెమెరా పట్టుకున్నవాళ్లు వెళ్లి నిలబడేది కూడా చాలాసార్లు ఆ రెండు చోట్లే. భుజం వైపు నుంచి, ఎడమ పక్కగా, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లు. వెనకకాళ్లకు కనీసం మూడు నాలుగు మీటర్ల ఎడం ఉంచు. రెండు మగ గుర్రాల మధ్య సందులోంచి ఎప్పుడూ దూరకు, పక్కన ఆడ గుర్రం ఉన్నప్పుడైతే అసలే వద్దు. కింద కూర్చొని తీయాలనిపిస్తుంది, ఫోటో బాగా వస్తుంది కూడా, కానీ లేవడానికి పట్టే సమయంలో గుర్రం రెండడుగులు వేసేస్తుంది. ఒక మోకాలి మీద వంగు, అది చాలు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో. చున్నీ గట్టిగా కట్టుకో, గాలికి ఎగిరే బట్ట గుర్రాన్ని బెదరగొడుతుంది. ధనుర్వాతం టీకా వేయించుకోకపోతే వెళ్లేముందే వేయించుకో, గుర్రాల పేడ ఉన్న మట్టిలో గీసుకుంటే ఆ ప్రమాదం ఉంటుంది.

ముక్కులోంచి చిక్కటి చీమిడి కారుతూ, చర్మం మీద పుండ్లు ఉన్న గుర్రం కనిపిస్తే దగ్గరికి పోకు, తాకకు, అక్కడున్న పశువైద్యుడికి చెప్పు. గ్లాండర్స్ అనే జబ్బు ఒకటుంది, అది గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకుతుంది. దాన్ని దాచిపెట్టడం నేరం, 2009లో వచ్చిన పశు అంటువ్యాధుల చట్టం కింద అధికారులకు తెలియజేయాలి. యజమాని మొహం మాడ్చుకున్నా సరే, చెప్పు.

ఒంటరిగా వెళ్లకు. అన్నో, స్నేహితురాలో, నాన్నో ఎవరైనా సరే తోడు ఉండాలి. అది ఆడపిల్లవనే కాదు, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు నీ వెనక ఏం వస్తోందో చూసే మనిషి ఎవరికైనా కావాలి. 2023 మార్చి నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్టే కాబట్టి అమ్మను కూడా తీసుకెళ్లు, ఖండోబా దర్శనం అయినట్టూ ఉంటుంది. చీకటి పడకముందే నాందేడ్ చేరుకోండి.

జాతరకు ముందు అలవాటు చేసుకోవాలంటే మీ ఊళ్లో పెళ్లి గుర్రాలు పెట్టుకున్నవాళ్లు ఉంటారు కదా, వాళ్లను అడిగి పొద్దున మేత వేసే వేళకు వెళ్లు. ఒక ఫోటో ప్రింట్ తీసి ఇస్తే ఎన్నిసార్లయినా రానిస్తారు. నాందేడ్ గురుద్వారాలో, అదే తఖ్త్ హజూర్ సాహిబ్‌లో, గురు గోవింద్ సింగ్ గుర్రం వంశానివిగా భావించే గుర్రాలను పోషిస్తారు, దసరా, హోలీ సమయంలో ఊరేగింపుల్లో తీసుకొస్తారు. వాటిని ఎంతో భక్తితో చూస్తారు, కాబట్టి తల మీద గుడ్డ కప్పుకొని, అనుమతి అడిగి, దూరం నుంచే తియ్యి.

ప్రశ్న: నా ఆడ గుర్రాన్ని అమ్మాలని ఫోటోగ్రాఫర్‌ను పిలిపించాను. దాని కన్ను కింద సుడి ఉంది, కంప్యూటర్‌లో తీసేయమంటే ఒప్పుకోలేదు, డబ్బిస్తానన్నా వినలేదు. పెళ్లి ఫోటోల్లో మొటిమలు తీసేస్తారు కదా, ఇదేం తప్పు? – ఒక యజమాని, కిన్వట్

అన్నా, ఆ ఫోటోగ్రాఫర్ చేసిందే సరైనది. మీకు కోపం వచ్చినా నేను అదే చెప్తాను.

పెళ్లికూతురి ఫోటో చూసి ఎవరూ డబ్బు పెట్టి కొనరు. గుర్రం ఫోటో చూసి పంజాబ్ నుంచో రాజస్థాన్ నుంచో మనిషి అడ్వాన్స్ పంపుతాడు. మన దగ్గర సుడులకు ఎంత విలువుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మెడ మీద దేవ్‌మన్ సుడి ఉంటే శుభమంటారు, కన్ను కింద సుడి ఉంటే కొనడానికి వెనకాడతారు, నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉన్న పంచకళ్యాణి అంటే ధర పెరుగుతుంది. ఆ నమ్మకం గుర్రం ఆరోగ్యాన్ని గానీ పరుగును గానీ మార్చదని నా అభిప్రాయం. కానీ కొనేవాడు నమ్ముతున్నాడు, ఆ నమ్మకం మీదే ధర కడుతున్నాడు. కాబట్టి సుడిని చెరిపేయడమంటే అతణ్ని మోసం చేయడమే. పైగా గుర్తింపు పత్రంలో గుర్రం బొమ్మ మీద సుడులు, తెల్లమచ్చలు ఎక్కడెక్కడున్నాయో గీసి పెడతారు. ఫోటోలో ఒకటి, పత్రంలో ఒకటి ఉంటే మీ మాటనే ఎవరూ నమ్మరు. కాలి మీద పాత గాయం మచ్చ, వాపు, గిట్ట చీలిక ఇవి కూడా అంతే. కంటి పుసి, డొక్క మీద అంటిన పేడ, వెనక కనిపించే ప్లాస్టిక్ బకెట్టు, ఇవి తీసేయమనండి, ఎవరూ కాదనరు. ఇంకా మేలు, ఫోటోకు ముందే కడగండి.

మీ గుర్రాన్ని నిజంగానే అందంగా చూపించే దారులు చాలా ఉన్నాయి. చదునైన గట్టి నేల మీద పక్కగా నిలబెట్టండి, గడ్డి ఎక్కువుంటే గిట్టలు మునిగిపోతాయి. కెమెరా వైపున్న ముందుకాలు నిటారుగా, అటువైపు ముందుకాలు కొంచెం వెనక్కి, కెమెరా వైపు వెనకకాలు కొంచెం వెనక్కి, అటువైపుది కొంచెం ముందుకి, అలా అయితే నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. మీరు గుర్రానికి ఎదురుగా నిలబడి పగ్గం వదులుగా పట్టుకోండి, పక్కకు రావద్దు. పొద్దున ఎండ ఫోటోగ్రాఫర్ వీపు మీద పడుతుండాలి. చెవులు ముందుకు రావడానికి ఇంకొకరు కొంచెం దూరంలో దాణా సంచి గలగలలాడించండి. మొబైల్‌లో సకిలింపు రికార్డింగ్ పెడితే చెవులు బాగానే లేస్తాయి గానీ, చుట్టూ మగ గుర్రాలుంటే అది గొడవలకు దారి తీస్తుంది. జాతరలో అస్సలు వద్దు.

కన్ను కింద సుడి ఉందని ముందే చెప్పి అమ్మండి. నచ్చినవాడు కొంటాడు.

ప్రశ్న: నేను తీసిన గుర్రం ఫోటో ఒకరు వాట్సాప్‌లో తీసుకొని పెద్ద ఫ్లెక్సీ వేసుకున్నారు. అడిగితే ‘గుర్రం నాది, ఫోటో కూడా నాదే’ అన్నారు. చట్టం ఏమంటుంది? – నాందేడ్

గుర్రం ఆయనదైనంత మాత్రాన ఫోటో ఆయనది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు మీ అంతట మీరు జాతరకు వెళ్లి తీసి ఉంటే ఆ ఫోటో హక్కు మీదే. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కానీ ఒక మెలిక ఉంది. ఆయన డబ్బిచ్చి ‘నా గుర్రాన్ని తీసిపెట్టు’ అని చెప్పి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం హక్కు ఆయనకు పోతుంది. మీ సంగతి ఈ రెండింటిలో ఏదో ముందు తేల్చుకోండి. ఇకమీదట ఎవరైనా తీయమని పిలిస్తే, అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ‘ఫోటోల కాపీరైట్ ఫోటోగ్రాఫర్‌ది, యజమాని సొంత ప్రచారానికి వాడుకోవచ్చు’ అని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

అయితే ఊళ్లో ఒక ఫ్లెక్సీ కోసం లాయర్ దగ్గరికి పొమ్మని నేను చెప్పను. ఆయన దగ్గరికి మర్యాదగా వెళ్లి, ఒరిజినల్ ఫైల్ ఇస్తాను, ఇంత ఇవ్వండి, వచ్చే ఏడాది కూడా నన్నే పిలవండి అని అడగండి. చాలామందికి ఇది తప్పని తెలియకే చేస్తారు.

అసలు జాగ్రత్త పని చేసే పద్ధతిలో ఉంది. రింగ్‌లోకి గుర్రం రాగానే మొదటి ఫ్రేమ్ దాని నంబర్, రౌతు మొహం కనిపించేలా తీయండి, సాయంత్రం ఏ ఫోటో ఎవరిదో వెతుక్కోవాల్సిన పని ఉండదు. చూపించడానికి పంపేది చిన్న సైజులో, గుర్రం ఒంటి మీదుగా మీ పేరు వేసి పంపండి, మూలన వేస్తే కత్తిరించేస్తారు. డబ్బు ఖాతాలో పడ్డాకే పెద్ద ఫైల్. మొహమాటపడితే ఈ పని నిలవదు. అక్కడికక్కడే ప్రింట్ తీసి ఇవ్వగలిగితే ఇంకా మంచిది, చేతిలో ఫోటో పడగానే జేబులోంచి డబ్బు తీసేవాళ్లు చాలామంది. చిన్న ప్రింటర్, ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ల గురించి కూడా అడిగారు. ఏడాదికి 20 లక్షల లోపు సంపాదనకు మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ నమోదు ఉచితం, చేయించుకుంటే బ్యాంకులో పనికొస్తుంది.

ప్రశ్న: ఫ్లాష్ వాడొచ్చా? డ్రోన్ ఎగరేయొచ్చా? – ముఖేడ్

రెండూ వద్దు. గుర్రం మీద మనిషి ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. అది బెదిరితే పడేది ఆయన.

ప్రశ్న: టీవీలో చూపించే గుర్రపు పోటీలు, కర్రల మీంచి దూకడం లాంటివి తీయాలని ఉంది. మా సిరొంచ నుంచి అలాంటి చోటికి దారి ఉందా? – ఒక విద్యార్థి, గడ్చిరోలి జిల్లా

ఉంది. దూరం ఎక్కువ, అంతే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా కలిసి డ్రెసాజ్‌లో, అంటే రౌతు సైగలకు గుర్రం ఒద్దికగా అడుగులు వేసే పోటీలో, మనకు జట్టు స్వర్ణం తెచ్చారు. అప్పటి నుంచి ఈ ఆటల గురించి అడిగేవాళ్లు పెరిగారు. దేశంలో వీటిని చూసేది ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. పోటీలు ఎక్కువగా సైన్యం కేంద్రాల్లో, పెద్ద నగరాల రైడింగ్ క్లబ్బుల్లో జరుగుతాయి. నీకు దగ్గర్లో హైదరాబాద్ ఉంది, పశ్చిమాన ముంబై మహాలక్ష్మిలో అమెచ్యూర్ రైడర్స్ క్లబ్ ఉంది. సైన్యం ఆవరణ అయితే అనుమతి లేకుండా కెమెరా తీయకు.

జంపింగ్‌లో అడ్డుకర్రకు అవతల, గుర్రం దిగే వైపు, కొంచెం పక్కగా, 45 డిగ్రీల కోణంలో నిలబడితే గుర్రం నీ వైపుకే లేస్తుంది. ముందుకాళ్ల మోకాళ్లు సమానంగా మడుచుకొని, రౌతు చూపు తర్వాతి అడ్డుకర్ర మీద ఉన్న క్షణం కావాలి. దిగేటప్పుడు తీసినవి చాలావరకు పనికిరావు, కాళ్లు కర్రల్లా బిగుసుకొని ఉంటాయి. ఏ కర్ర తర్వాత ఏది దూకాలో వరుస ఉంటుంది, ఆ పటం మైదానం దగ్గర అతికిస్తారు, ముందే చూసి గుర్రం మలుపు తీసుకునే దారిలో లేకుండా చూసుకో. డ్రెసాజ్‌లో మైదానం 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు. అక్కడ షట్టర్ చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం ఉంటుంది, కెమెరాలో సైలెంట్ మోడ్ ఉంటే అదే పెట్టు. గుర్రం ముక్కు ఛాతీ వైపుకు మరీ లోపలికి వంగిన ఫోటోలు రౌతులు ఇష్టపడరు, ముక్కు రేఖ నిటారుగానో కొంచెం ముందుకో ఉన్నవే ఎంచుకో.

టెంట్ పెగ్గింగ్ కూడా ఉంది, దౌడులో బల్లెంతో నేలలో పాతిన చెక్కను గుచ్చి లేపడం. మన సైన్యంలో, పోలీసుల్లో దానికి మంచి పేరుంది. చెక్క లేచాక బల్లెం వెనక్కి, పక్కకు తిరుగుతుంది కాబట్టి దారి పక్కన నిర్వాహకులు గీసిన గీత దాటకు, పెద్ద లెన్స్‌తో దూరం నుంచే తియ్యి.

ముందు నువ్వు చేయాల్సింది నిర్వాహకులకు ఉత్తరం రాయడం. జీతం అడక్కుండా, పోటీ రోజుల్లో జూనియర్ పిల్లల రౌండ్లు తీసిపెడతానని రాయి. పెద్దవాళ్ల రౌండ్లకు పాత ఫోటోగ్రాఫర్లు ఉంటారు, పిల్లల రౌండ్లు పొద్దున్నే మొదలైతే వాటిని తీసేవాళ్లు తక్కువ, కానీ ఫోటో కొనాలని ఎక్కువ ఆరాటపడేది ఆ పిల్లల అమ్మానాన్నలే. ఉత్తరంతో పాటు ఓ పది ఫోటోలు పంపు. సిరొంచలో జంపింగ్ లేదని ఆగిపోకు, గోదావరి ఒడ్డున మేసే ఎవరి గుర్రమైనా సరే, కదలికలో తీసినవి పంపు. వాళ్లు చూసేది నువ్వు క్షణం పట్టగలవా లేదా అన్నదే.